సుద్ద అంటని చెయ్యి

మౌలాలి రైల్వే కాలనీలో పద్మనాభం మాస్టారు కరాటే క్లాసు పెట్టిన కొత్తలో ఒక్క ఆడపిల్ల కూడా రాలేదు. మగపిల్లలు మాత్రం గుంపులుగా వచ్చిపడి, ఎగిరి తన్నడం మొదటిరోజే నేర్పమని ఆయన్ని పీక్కుతినేవాళ్ళు. మాస్టారికి అది నచ్చలేదు. ఆయనది భీమవరం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం లోకో షెడ్డులో ఫిట్టరు. కుర్రతనంలో మద్రాసులో పని నేర్చుకుంటూ కరాటే కూడా నేర్చుకున్నాడు. ఆ విద్య ఎవరికి అవసరమో వాళ్ళు ఇళ్ళలో కూర్చుంటే, అవసరం లేనివాళ్ళకి నేర్పి ఏం లాభమని ఆయన వాదన. డ్యూటీ దిగాక, గ్రీజు మరకలు పోని చేతులతోనే, ఆడపిల్లలున్న ఇళ్ళ తలుపులు తట్టడం మొదలుపెట్టాడు.

ఏ గుమ్మం ముందు నిలబడినా ఒకటే ప్రశ్న. హిందువుల ఇళ్ళలో, ముస్లిముల ఇళ్ళలో, క్రైస్తవుల ఇళ్ళలో కూడా అదే. మొహం మీద దెబ్బ తగిలితే ఎట్లా? రేపు పెళ్ళి కావలసిన పిల్ల, ముందుపళ్ళు ఊడితే ఎవడు చేసుకుంటాడు? కాలో చెయ్యో బెణికితే సర్దుకుంటారట గానీ మొహం మీద గీత పడితే మాత్రం ఒప్పుకోరట. మన తల్లుల లెక్కలు అలాగే ఉంటాయి మరి.

జైతున్ బీ కూడా అదే అడిగింది. జనగామ నుంచి బతకడానికొచ్చి, భర్త పోయాక కుట్టుమిషను మీద ఇద్దరు కూతుళ్ళని పెంచుతున్న మనిషి ఆమె. పెద్దది ఆఫ్షీన్ అప్పుడు నాలుగో క్లాసు. తలుపు వెనక నుంచి తొంగిచూస్తోంది. చిన్నది తమన్నా ఇంకా తల్లి చంకలోనే ఉంది.

"మాస్టర్ సాబ్, మీరు మంచోళ్ళే. గని మా పిల్ల మొహం మీద గీత వడితే జిమ్మేదారీ ఎవలిది?"

"నాదేనమ్మా," అన్నాడాయన. "మీ పిల్ల మొహమ్మీదే కాదు, మీ పిల్ల చేత్తో ఇంకో పిల్ల మొహమ్మీద కూడా గీత పడదు. ఇది నా మాట."

అంత నమ్మకంగా చెప్పే మనిషిని కాదనడానికి జైతున్ బీకి నోరు రాలేదు. మర్నాటి నుంచి ఆఫ్షీన్, తల్లి పాత చుడీదారు కత్తిరించి కుట్టిన తెల్ల ప్యాంటు వేసుకుని క్లాసుకి వెళ్ళింది.

ఇంటింటికీ ఇచ్చిన ఆ మాట నిలబెట్టుకోవడానికి మాస్టారు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కమ్యూనిటీ హాల్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా నిండా సుద్దపొడి ఉండేది. పిల్లలు పిడికిలి కణుపుల మీద సుద్ద రాసుకుని జతలుగా నిలబడాలి. పిడికిలి పూర్తి వేగంతో ఎదుటిపిల్ల మొహం మీదకి వెళ్ళాలి, వెళ్ళి చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆగాలి. ముక్కు మీద తెల్లచుక్క పడిందా, కొట్టిన పిల్ల వెళ్ళి గోడకేసి నిలబడాలి. భయపడి జానెడు ఇవతలే ఆపిందా, అదీ తప్పే. "గాలి తగలాలి, సుద్ద అంటకూడదు" అనేవాడు. ఆయన క్లాసులో మంత్రం అదొక్కటే.

మిగతాదంతా ఆయన నోటితో నేర్పేవాడు కాదు. దెబ్బ వేసేటప్పుడు వెనక మడమ లేస్తే తన పాదంతో మెల్లగా నొక్కి నేలకి దించేవాడు. ఒట్టి భుజంతో కొట్టే పిల్లకి నడుం చుట్టూ తువ్వాలు కట్టి, సరిగ్గా చెయ్యి కదిలే సమయానికి వెనక నుంచి ఒక్క లాగు లాగేవాడు. నడుము గిర్రున తిరిగేది, పిడికిలి దానంతటదే దూసుకుపోయేది. దెబ్బ పుట్టేది భుజంలో కాదని ఆ లాగుతో ఒంటికి తెలిసిపోయేది. ఇక కొత్తపిల్లల తొలి పిడికిళ్ళన్నీ ఆయన మొహానికే. ఎదురుగా తనే నిలబడేవాడు, రెప్ప వేసేవాడు కాదు. "నువ్వు ఆపుతావని నా నమ్మకం. నమ్మినోణ్ణి కొడతావేంటి?" అని నవ్వేవాడు.

పామూ చావక కర్రా విరగని ఈ విద్య ఎవడికి కావాలని మగపిల్లలు సగంమంది మానేశారు. ఆడపిల్లలు మాత్రం నిండిపోయారు. సాయంత్రం ఇంటికొచ్చిన కూతుళ్ళ మొహాలు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఎక్కడా గీత లేదని తల్లులు మాస్టారిని మెచ్చుకునేవాళ్ళు.

ఆ పద్ధతికి ఆఫ్షీన్ పుట్టిందో, ఆఫ్షీన్ కోసమే ఆ పద్ధతి పుట్టిందో చెప్పడం కష్టం. ఆమె పిడికిలి వస్తుంటే ఎదుటిపిల్ల ముంగురులు కదిలేవి, ముక్కు మీద మాత్రం రవ్వంత తెలుపు ఉండేది కాదు. పోటీల్లో మొహానికి దెబ్బ తగిలితే పాయింటు పోతుంది కాబట్టి అక్కడా ఆమెదే గెలుపు. నల్ల బెల్టు వచ్చిన రోజు మాస్టారు షెడ్డులో అందరికీ చాయ్ తాగించాడు. తర్వాత ఆమె యాప్రాల్‌లో ఒక ప్రైవేటు బడిలో పి.ఇ.టి. టీచరుగా చేరింది. సాయంత్రాలు, ఆదివారాలు మాస్టారి పక్కన నిలబడి పిల్లలకి నేర్పేది. కాలనీలో జనం ఆఫ్షీన్ మేడమ్ అనడం మొదలుపెట్టారు.

తమన్నా మాత్రం క్లాసు గుమ్మం తొక్కలేదు. అక్క రమ్మంటే, "నువ్వున్నవ్ గదా ఆపా. ఒక ఇంట్ల ఇద్దరెందుకు?" అనేది. నవ్వు మొహం, నాజూకు మనిషి. మారేడ్‌పల్లిలో కళ్ళద్దాల షాపులో పని. వచ్చినవాళ్ళ మొహాలకి ఏ ఫ్రేము నప్పుతుందో చూడగానే చెప్పేసేదని షాపాయన మురిసిపోయేవాడు.

ఒకడు తమన్నా వెంటపడ్డాడు. షాపు ముందు నిలబడేవాడు, లోకల్ రైల్లో అదే పెట్టె ఎక్కేవాడు. కొన్నాళ్ళు ఊరుకుని, ఊరుకున్నకొద్దీ వాడు దగ్గరికొస్తుంటే, అక్కకి చెప్పింది.

"నువ్వు జెర టేషన్ కాడికి రా ఆపా. నిన్ను ఒక్కసారి చూసిండంటే వాడే పోతడు."

ఆఫ్షీన్ వెళ్ళింది. ఇంకా పొద్దు గూకలేదు. రైలు దిగిన జనం పాదచారుల వంతెన ఎక్కుతున్నారు. ఆమె మెట్ల పైన నిలబడి చెల్లెల్ని వెతుక్కుంటోంది. తమన్నా పై మెట్టు మీదకి వచ్చేసరికి వాడు వెనక నుంచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మాట్లాడకుండ పోతున్నవేందీ?"

"ఆపా," అంది తమన్నా.

ఆఫ్షీన్ రెండు అంగల్లో అక్కడుంది. వెనక మడమ నేలని పట్టుకునే ఉంది. నడుము తిరిగింది. పిడికిలి వాడి దవడ మీదకి వెళ్ళింది. అంత మంచి దెబ్బ తన జన్మలో ఎప్పుడూ వెయ్యలేదని ఆమెకి తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. చర్మానికి వెంట్రుకవాసి దూరంలో అది ఆగిపోయింది.

వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ రాకపోయేసరికి తెరిచాడు. గడ్డం ముందు పిడికిలి నిలబడి ఉంది. వాడు చూస్తుండగానే అది, నేర్పినట్టే బుద్ధిగా, వెనక్కి వెళ్ళి నడుము పక్కకి చేరింది. ఏం జరిగిందో ఆఫ్షీన్‌కి అర్థం కాలేదు. వాడికీ కాలేదు గానీ, ముందుగా తేరుకున్నది వాడే. పట్టుకున్న చేత్తోనే తమన్నాని గుంజి మెట్ల కిందికి తోసేసి అవతలి వైపు పరుగెత్తాడు. ఇనుప అంచులున్న మెట్లు. ఆ పిల్ల కింది దాకా దొర్లింది.

తుంటి ఎముక విరిగింది, మోకాలిచిప్ప పగిలింది. ఆపరేషన్లు చేసి రాడ్లు వేశారు. అన్నీ అయ్యాక ఎడమకాలు కురచైంది, చేతికర్ర లేనిదే అడుగు పడదు. రోజంతా నిలబడాల్సిన షాపు పని పోయింది. వాణ్ణి పోలీసులు పట్టుకున్నారు, బెయిలు మీద బయటికొచ్చాడు. కేసు నడుస్తూనే ఉంది.

ఆ రోజు వంతెన మీద చెయ్యి అడ్డం పెట్టినవాడు ఒక్కడూ లేడు గానీ ఫోను తీసినవాడు ఒకడున్నాడు. వీడియో కాలనీ గ్రూపుల్లో తిరిగింది. పిడికిలి ఆగిన చోట దాన్ని నిలిపి మరీ చూశారు. "కరాటే మేడమ్ ఫోటోకి పోజిచ్చిందిరా" అని నవ్వారు. ఇలాంటి వెధవలకి ఊళ్ళో కరువెప్పుడూ ఉండదు. జైతున్ బీ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. "ఇన్నేండ్లు నేర్చుకొని ఏం పీకినవే? గీ ఒక్కనాటి కోసమే గదా పంపిన," అంది. ఆ తిట్లు ఆఫ్షీన్ భరించింది. భరించలేకపోయింది తమన్నా మౌనాన్ని. అన్నం తినిపిస్తే తినేది, దువ్వెన పట్టుకుంటే తల వంచేది. ఆ సాయంత్రం గురించి మాత్రం ఒక్క మాట, ఒక్క నిందా లేదు.

అడిగినవాళ్ళందరికీ ఆఫ్షీన్ గురి తప్పిందని చెప్పింది. మాస్టారి దగ్గర మాత్రం అబద్ధం ఆడలేకపోయింది.

"తప్పలేదు సార్. ఆగింది. నేను ఆపలే. అదే ఆగింది."

మాస్టారు రిటైరై చాలా ఏళ్ళైంది. భార్య పోయాక కాలనీలోనే ఒక అద్దెగదిలో ఉంటున్నాడు. కుర్చీలోంచి లేచి ఆమె ముందు నిలబడ్డాడు. "ఎక్కడాగిందో చూపించు," అన్నాడు. ఆమె పిడికిలి ఆయన దవడ దాకా వెళ్ళి ఆగింది.

"నేనే ఆపాను తల్లీ," అన్నాడాయన. "మీ అమ్మకి మాటిచ్చినప్పుడే ఆపేశాను."

ఆ రాత్రి నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని ఆయనకీ తెలుసు. అయినా నేర్పినవాణ్ణి నేనే కాబట్టి మరిపించాల్సిందీ నేనేనన్నాడు. క్లాసు అయిపోయాక పిల్లలందర్నీ పంపేసి ఆఫ్షీన్ ఒక్కదాన్నీ ఉంచేవాడు. ముందు ఇసుక బస్తా వేలాడదీశాడు. బస్తాని ఆమె కణుపులు చిట్లి రక్తం కారేలా కొట్టింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆ బస్తా ముందు తను నిలబడ్డాడు. పిడికిలి వచ్చి, ఆయన చొక్కా ముందు ఆగింది.

అప్పట్నుంచి రోజూ అదే. ఆయన తన పాత షెడ్డు చొక్కా, ముదురు నీలంది, వేసుకుని ఎదురుగా నిలబడేవాడు. ఆమె సుద్ద రాసుకునేది. "ఇవాళ అంటించాలి" అనేవాడు. అంటేది కాదు. నడుముకి తువ్వాలు కట్టి లాగాడు. కళ్ళకి గంతలు కట్టి కొట్టమన్నాడు. చిన్నప్పటి నుంచీ కొలిచిన దూరం, గంతల వెనక నుంచి కూడా ఆమె ఒంటికి తెలిసిపోయేది. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. మొక్కగా ఉన్నప్పుడు ఆయనే ఓపిగ్గా వంచాడు. మానయ్యాక ఇప్పుడు తిన్నగా నిలబడమంటే అదెక్కడ వింటుంది?

"నన్ను వాడనుకో," అన్నాడొకరోజు.

"అట్ల అనుకోవస్తలేదు సార్. మీ మొహమే కనవడ్తది."

"కోపం తెచ్చుకోవే."

"కోపం ఉంది. నా మీదనే ఉంది."

ఆయన డబ్బా మూత పెట్టి ఒక మూల కూర్చున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది, చూడనట్టు బెల్టు విప్పుకుంది. నేర్చుకున్నదంతా మంచిదేనని, అదే తన చెల్లెల్ని కుంటిదాన్ని చేసిందని, రెండూ ఒకేసారి నిజమవడం ఆమెకి మింగుడుపడలేదు. ఇక నా చెయ్యి ఎవరికీ అడ్డుపడదు, రేపు తమన్నా మీదకి మళ్ళీ ఎవడైనా వస్తే మళ్ళీ ఇలాగే ఆగుతుంది అనుకుంటూనే మర్నాడు మళ్ళీ సుద్ద రాసుకునేది.

ఒక ఆదివారం పొద్దున జైతున్ బీ చావు పలకరింపుకని జనగామ వెళ్ళింది. ఇంటి తాళంచెవి ఆఫ్షీన్ దగ్గరే ఉండిపోయింది. కాలికి వ్యాయామాలు చేయించుకుని ఆటోలో తిరిగొచ్చిన తమన్నా, తాళం చూసుకుని, కర్ర ఊతంతో హాలు దాకా వచ్చింది. ఆమె ఆ గుమ్మంలోకి రావడం అదే మొదటిసారి. పిల్లలు వెళ్ళిపోయారు. లోపల ఆఫ్షీన్ చేతికి సుద్దతో నిలబడి ఉంది, ఎదురుగా నీలం చొక్కాలో మాస్టారు.

"ఆపా, చాబీ," అంది తమన్నా.

మాస్టారు ఆమెని చూశాడు. ఆఫ్షీన్‌ని చూశాడు. మరేమీ మాట్లాడకుండా చరచరా గుమ్మం దగ్గరికి నడిచి తమన్నా మణికట్టు పట్టుకుని గుంజాడు. చేతికర్ర జారి నేల మీద పడింది. ఆ పిల్ల మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఆపా!"

ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది. మాస్టారు గోడకి జారగిలబడి, మెల్లగా కిందికి దిగిపోయాడు. నీలం చొక్కా మీద, ఎడమవైపు, నాలుగు కణుపుల తెల్ల గుర్తు ఉంది. ఊపిరి అందక నోరు తెరిచి, తల వంచి ఆ గుర్తు చూసుకున్నాడు.

"అంటింది," అన్నాడు.

ఆఫ్షీన్ ఆయన పక్కన మోకాళ్ళ మీద కూలబడిపోయింది. తమన్నా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పడిపోయిన ముసలాయన్ని చూసింది, నలిగిన మణికట్టు చూసుకుంది, తర్వాత అక్కని చూసింది.

"ఇయ్యాల వచ్చిందా ఆపా, నీ చెయ్యి?"

అన్నాళ్ళలో ఆ సాయంత్రం గురించి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

మాస్టారికి రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ వయసులో ఎముక అతికినా ఊపిరితిత్తులు కోలుకోలేదు. మారేడ్‌పల్లిలో ఉన్న కూతురు కల్పలత ఆయన్ని తన ఇంటికి తీసుకుపోయింది. నేనే కొట్టించుకున్నానని ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ నమ్మలేదు. నమ్మినా క్షమించేది కాదేమో. చూడ్డానికి వెళ్ళిన ఆఫ్షీన్‌ని గుమ్మంలోనే ఆపేసింది.

"నాన్న పడుకున్నారు. ఆడపిల్లలకి దెబ్బ తగలకుండా చూడ్డంలోనే ఆయన జీవితం గడిచిపోయిందండీ. అలాంటాయన్ని కొట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి?"

ఆఫ్షీన్ తలవంచుకుని తిరిగొచ్చేసింది. రెండ్రోజుల తర్వాత మాస్టారు ఫోను చేశాడు. మాటకీ మాటకీ మధ్య దగ్గు.

"తల్లుల దగ్గరికి వెళ్ళు. నేను రాలేను. నా మాట వెనక్కి తీసుకున్నానని చెప్పు. అందరికీ చెప్పు. ఒక్క ఇల్లు కూడా వదలొద్దు."

ఒకప్పుడు ఆయన నిలబడిన గుమ్మాల ముందు ఇప్పుడు ఆఫ్షీన్ నిలబడింది. ఇకమీద క్లాసులో దెబ్బలు తగులుతాయని, మూతి వాచొచ్చని, గీత పడొచ్చని, దానికి ఎవరూ జిమ్మేదారీ కాదని చెప్పింది. తల్లులు విన్నారు. కొందరు మొహం మీదే తలుపేశారు. కొందరు మర్యాదగా పరీక్షలున్నాయన్నారు. మాస్టారిని కొట్టిన మనిషి దగ్గరికి పిల్లని పంపాలా అని ఒకావిడ గొణిగింది. నిండుగా ఉండే హాల్లో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. వాళ్ళలో రోసమ్మ అనే ముసలామె మనవరాలు ఒకతి. వీడియో చూసిన రోజే రోసమ్మ ఆ పిల్లకి, "కొట్టడం నేర్పేదాకా ఆ మేడమ్‌ని ఇడ్వకు" అని చెప్పిందట.

పద్ధతి తిరగబడింది. డబ్బా అదే, సుద్ద అదే. ఇప్పుడు అంటితేనే లెక్క. మాస్టారు నిలబడే చోట ఆఫ్షీన్ ఛాతీకి మందపాటి ప్యాడు కట్టుకుని నిలబడేది. పిల్లలకి చెయ్యి వచ్చేది కాదు. మేడమ్‌ని ఎలా కొడతామని దగ్గర దాకా వచ్చి ఆపేసేవాళ్ళు. వాళ్ళు అలా ఆపిన ప్రతిసారీ ఆమెకి వంతెన మెట్లు కనిపించేవి.

ఒక సాయంత్రం చేతికర్ర టకటకమంటూ తమన్నా వచ్చింది. ఎవరూ పిలవలేదు. గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుని, సుద్దడబ్బా ఒళ్ళో పెట్టుకుని, రోసమ్మ మనవరాలి చెయ్యి అందుకుంది. కణుపు కణుపుకీ శ్రద్ధగా పొడి రాసింది. పిల్ల వెళ్ళి ఆఫ్షీన్ ముందు నిలబడి పిడికిలి విసిరింది. అది ప్యాడు ముందు ఆగింది.

"తగల్లే," అంది తమన్నా.

పిల్ల మళ్ళీ కొట్టింది. ఈసారి అంటీ అంటనట్టు అంటింది.

"అది కొట్టుడా? గట్టిగ."

ఆఫ్షీన్ చెల్లెలి వైపు చూసింది. తమన్నా చూపు తిప్పుకోలేదు. ఆ దెబ్బ ఎవరు ఎవరికి బాకీయో ఇద్దరికీ తెలుసు. ఆఫ్షీన్ ప్యాడు తాళ్ళు విప్పి దాన్ని పక్కన పెట్టింది. మళ్ళీ వచ్చి, చేతులు కిందికి వదిలేసి, నిలబడింది.

"కొట్టు బిడ్డా," అంది. "నేనేం అనుకోను."

పిల్ల మడమ నేలకి ఆనించింది. నడుము తిరిగింది. ఆఫ్షీన్ రెండడుగులు వెనక్కి తూలి, ఛాతీ పట్టుకుని, ఊపిరి కోసం వెతుక్కుంది. నల్ల టీషర్టు మీద తెల్ల గుర్తు పడింది. పిల్ల బెదిరిపోయి ఏడుపు మొహం పెట్టింది.

తమన్నా కర్ర పట్టుకుని లేచింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ అక్క దగ్గరికి వచ్చి, చున్నీ కొంగుతో ఆ సుద్ద గుర్తుని జాగ్రత్తగా, మరక లేకుండా తుడిచింది. తర్వాత పక్కకి జరిగి పిల్లకి దారి వదిలింది.

"ఇంకోపారి," అంది.